జ్వరం రోజుల్లో షుగర్ మాత్ర

"ఏమీ తినిందే ల్యా, ఇంక మాత్రెందుకప్పా?"

రాయదుర్గం వైపు షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు జ్వరం తగిలితే ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. అన్నం దిగనప్పుడు ఒంట్లోకి చక్కెర ఎక్కడి నుంచి వస్తుంది, రాని చక్కెరను తగ్గించడానికి మాత్ర దేనికి అన్నది వాళ్ళ లెక్క. వినడానికి సబబుగానే ఉంది. కాకపోతే ఆ లెక్కలో కాలేయం చేరలేదు.

ఫ్లూ గానీ కోవిడ్ గానీ ఊపిరితిత్తులను పట్టుకున్నప్పుడు శరీరం కార్టిసాల్, అడ్రినలిన్, గ్లూకగాన్ అనే హార్మోన్లను ఎక్కువగా విడుదల చేస్తుంది. వాటి ఒత్తిడికి కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదిలేస్తుంది, చాలకపోతే కొత్తగా తయారుచేస్తుంది కూడా. సరిగ్గా అప్పుడే కండరాలు ఇన్సులిన్‌కు లొంగడం తగ్గిస్తాయి. అందుకే రెండు రోజులుగా గంజినీళ్ళు తప్ప ఏమీ ముట్టని మనిషికి కూడా షుగర్ 300 దాటిపోవచ్చు. నీరసం పోవాలని కలిపి ఇచ్చే గ్లూకోజు పొడి, తియ్యటి దగ్గుమందు సరేసరి. అంత చక్కెరలో తెల్ల రక్తకణాలు చురుగ్గా పనిచేయలేవు. వైరస్ వెనకే బ్యాక్టీరియా చేరి న్యుమోనియా ముదరవచ్చు.

ఇది మన రాష్ట్రం లెక్కల్లోనే కనబడింది. 2020లో రమణన్ లక్ష్మీనారాయణ్ బృందం ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు సేకరించిన కోవిడ్ వివరాలను విశ్లేషించి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది. రెండు రాష్ట్రాల్లో చనిపోయినవారిలో 45 శాతం మందికి షుగర్ ఉంది. దేశంలో పెద్దవాళ్ళను మొత్తంగా తీసుకుంటే షుగర్ ఉన్నవారు 11.4 శాతమని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2023లో తేల్చింది. చనిపోయినవారిలో వయసు మళ్ళినవారు ఎక్కువ కాబట్టి ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తూకం వేయడం పూర్తిగా న్యాయం కాదు. అయినా అంత తేడాను వయసు ఖాతాలోకి మాత్రమే నెట్టలేం. 2009 స్వైన్ ఫ్లూ నాడు కెనడాలోని క్విబెక్‌లోనూ షుగర్ ఉన్నవారు ఆస్పత్రి పాలయ్యే ముప్పు మూడింతలుగా కనిపించింది.

మరి మాత్ర వేసుకోవాలా, మానాలా? దీనికి ఒక్క జవాబు లేదు. ఏ మందు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఇన్సులిన్ విషయంలో ఇంట్లోవాళ్ళ మాట తప్పు. తిండి తగ్గినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. షుగర్ చూసుకుంటూ డాక్టరును అడిగి మోతాదు మార్చుకోవాలి, అంతే. గ్లిమిపిరైడ్ విషయంలో మాత్రం ఆ మాటలో నిజముంది. అది క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ తెప్పిస్తుంది. కడుపులో ఏమీ లేనప్పుడు వేసుకుంటే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం దాకా వెళ్తుంది. చిక్కేమిటంటే మన దగ్గర గ్లిమిపిరైడ్ ఒంటరిగా రావడం తక్కువ. షీటు మీద మందు పేరు పక్కన ‘ఎం 1’, ‘ఎం 2’ అని ఉంటే అందులో మెట్‌ఫార్మిన్ కూడా కలిసే ఉందని అర్థం. వేసుకునేవాళ్ళకు అది ‘పొద్దుటి తెల్ల మాత్ర’ మాత్రమే. జీన్స్ ప్యాంట్లు కుట్టే రాయదుర్గంలో పీసు లెక్కన కూలి తీసుకునే మనిషి ఒకసారి బళ్ళారిలో, ఇంకోసారి అనంతపురంలో చూపించుకుంటే ఆ తెల్ల మాత్ర పేరు ఎవరి చీటీలో వెతకాలో ఇంట్లోవాళ్ళకు తెలియదు.

మెట్‌ఫార్మిన్‌కు ఫ్లూతో పాత చుట్టరికమే ఉంది. ఫిలిప్పీన్స్‌లో యూసేబియో గార్సియా అనే వైద్యుడు 1950 ప్రాంతంలో దీన్ని ‘ఫ్లుమమైన్’ పేరుతో ఫ్లూ రోగులకే ఇచ్చాడు. రక్తంలో చక్కెర తగ్గడమూ ఆయన దృష్టికి వచ్చింది. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ 1957లో దాన్ని షుగర్ మందుగా నిలబెట్టాక ఫ్లూ సంగతి అందరూ మరిచారు. కోవిడ్ వచ్చాక పాత కథ మళ్ళీ లేచింది. అమెరికాలో బరువు ఎక్కువున్న, చాలావరకు షుగర్ లేని పెద్దవాళ్ళకు కోవిడ్ సోకిన తొలి రోజుల్లోనే మెట్‌ఫార్మిన్ ఇచ్చి చూశారు. ప్రధానంగా పెట్టుకున్న లక్ష్యం నెరవేరలేదు. పది నెలల్లో లాంగ్ కోవిడ్ బారిన పడినవారు మాత్రం ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 10.4 శాతం ఉంటే, మెట్‌ఫార్మిన్ వేసుకున్నవారిలో 6.3 శాతమే ఉన్నారు. ఆశ పుట్టించే అంకెలే, వైరస్‌కు మందు దొరికిందని చాటింపు వేసేంతటివి కావు.

రాయదుర్గం ఎండల్లో ఇంతకంటే ముఖ్యమైన సంగతి వేరే ఉంది. మెట్‌ఫార్మిన్ బయటికి పోయే దారి మూత్రపిండాలే. జ్వరానికి వాంతులు, విరేచనాలు తోడై ఒంట్లో నీరు తగ్గితే మూత్రపిండాలు నెమ్మదిస్తాయి, మందు లోపలే పోగుపడుతుంది, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం వస్తుంది. నీళ్ళు కూడా నిలవని స్థితి వస్తే ఈ మాత్రను తాత్కాలికంగా ఆపమని డాక్టర్లు చెప్పేది అందుకే.

అసలు మెలిక కొత్త మాత్రల్లో ఉంది. డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2020 అక్టోబరులో ముగియడంతో మన కంపెనీలు పోటీపడి ధర దించాయి, చిన్న ఊళ్ళ మందుల షాపులకూ అది చేరింది. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేసే మంచి మందు. చక్కెరను మూత్రంలోకి పంపేయడం దాని పద్ధతి, చక్కెరతోపాటు నీరూ పోతుంది. జ్వరంలో తిండి, నీళ్ళు తగ్గినప్పుడు శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, కీటోన్లు పేరుకుంటాయి, రక్తం ఆమ్లమవుతుంది. మామూలుగా ఇలాంటి కీటోఅసిడోసిస్‌లో షుగర్ ఆకాశంలో ఉంటుంది కనుక ఎవరైనా గుర్తుపడతారు. ఈ మాత్ర మీద ఉన్నవారికి చక్కెర మూత్రంలో పోతూనే ఉంటుంది, గ్లూకోమీటరు 180 చూపించి ‘బాగానే ఉంది’ అనిపిస్తుంది. పైగా ఆమ్లం వల్ల వచ్చే ఆయాసాన్ని ఊపిరితిత్తుల జబ్బే అనుకోవడం సులువు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కలిసి కనిపిస్తే షుగర్ అంకెతో సరిపెట్టుకోకుండా కీటోన్ల పరీక్ష చేయించాలి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే దీని గురించి హెచ్చరించింది. కోవిడ్‌తో ఆస్పత్రిలో చేరినవారికి డాక్టర్ల నిఘాలో ఇదే మందు ఇచ్చి చూసిన ప్రయోగంలో మన దేశమూ పాలుపంచుకుంది. 1,250 మందిలో కీటోఅసిడోసిస్ వచ్చింది ఇద్దరికే, అయితే చెప్పుకోదగ్గ మేలూ తేలలేదు. ఇంట్లో ఆ నిఘా ఉండదు కాబట్టే జబ్బు రోజుల్లో దీన్ని ఆపమంటారు.

కోవిడ్ తొలి నెలల్లో ఇంగ్లండులో 28 లక్షల మందికి పైగా షుగర్ రోగుల మందుల చీటీలను మరణాలతో జత చేసి చూశారు. మెట్‌ఫార్మిన్ వాడేవారిలో మరణ ముప్పు 23 శాతం తక్కువ, ఇన్సులిన్ వాడేవారిలో 42 శాతం ఎక్కువ. ఇది చదివి ఇన్సులిన్ సూది పారేస్తే అంతకంటే ఘోరం ఉండదు. ఏళ్ళ తరబడి షుగర్ ముదిరి, మూత్రపిండాలు దెబ్బతిని, మెట్‌ఫార్మిన్ ఇవ్వడానికి వీల్లేని మనిషికే చాలాసార్లు ఇన్సులిన్ రాస్తారు. ఆ 42 శాతంలో ఎక్కువ భాగం ముదిరిన జబ్బుదే తప్ప సూదిది కాదని ఆ అధ్యయనం చేసినవాళ్ళే అన్నారు.

నిజంగా గండంగా మారింది షుగర్ మందు కాదు, స్టెరాయిడ్. ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ ప్రాణం నిలుపుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ ప్రయోగం చెప్పింది, ఆక్సిజన్ అక్కర్లేనివారికి లాభం లేదనీ అదే చెప్పింది. రెండో అల వచ్చేసరికి మొదటి సగమే జనానికి గుర్తుంది. జ్వరం వచ్చిన రెండో రోజే స్టెరాయిడ్ మింగినవాళ్ళు ఊరూరా ఉన్నారు. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ కేసులు పెరిగిపోయి, ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం బంధువులు ఊళ్ళు తిరిగారు. మన ప్రభుత్వం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది, తెలంగాణ దాన్ని తప్పనిసరిగా తెలపాల్సిన జబ్బుగా ప్రకటించింది. జూన్ చివరికి దేశంలో 40,845 కేసులు, వారిలో 64 శాతం మందికి షుగర్, 53 శాతం మంది స్టెరాయిడ్ వాడినవారు. స్టెరాయిడ్‌తో షుగర్ అదుపు తప్పి రక్తం ఆమ్లమైనప్పుడు ప్రోటీన్లను అంటిపెట్టుకుని ఉండే ఇనుము విడిపోతుంది, ఆ ఇనుమే ఈ బూజుకు మేత.

స్టెరాయిడ్ పొద్దున వేసుకుంటే షుగర్ ఎగబాకేది మధ్యాహ్నం భోజనం తర్వాత, సాయంత్రం. పరగడుపున చేసే పరీక్ష తరచూ దాన్ని పట్టదు. కాబట్టి స్టెరాయిడ్ నడుస్తున్నన్నాళ్ళూ సాయంత్రం నాలుగైదు గంటలకు ఒకసారి వేలు గుచ్చి చూడాల్సిందే, పొద్దున 120 వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు.

ఇంత గొడవ రాకముందే చేయగలిగిన పని ఫ్లూ టీకా. షుగర్ ఉన్నవారు ఏటా వేయించుకోవాలని వైద్య సంఘాలు చెబుతున్నా మన దగ్గర వేయించుకునేవారు అరుదు. ఫ్లూ మన దేశంలో చాలా చోట్ల వానాకాలంలో విజృంభిస్తుంది, చలికాలంలో ఇంకోసారి తల ఎత్తుతుంది. అందువల్ల టీకా తొలకరికి ముందే, ఏప్రిల్, మే నెలల్లో పడితే మంచిది. వేయించుకోవడానికి వెళ్ళినప్పుడు వాడుతున్న మాత్రల షీట్లన్నీ పట్టుకెళ్ళి, జ్వరం వస్తే వీటిలో ఏది ఆపాలో ఏది ఆపకూడదో డాక్టరు చేతనే చీటీ మీద రాయించుకోవచ్చు.