చెయ్యేటి ఇసుక

శంఖుడు, లిఖితుడు అను సోదరుల కథ మహాభారత శాంతిపర్వమున కలదు. అన్న యాశ్రమములోని పండ్లను అడుగక కోసి తిన్న లిఖితుడు, అది చౌర్యమని యన్న చెప్పగా విని, తానై సుద్యుమ్న మహారాజు కడకేగి దండన నడిగి, రెండు చేతులును పోగొట్టుకొని వచ్చి, అన్న యానతిపై బాహుదానదిలో మునుగగా ఆ చేతులు మరల మొలిచెనట. ఆ బాహుద మరెక్కడిదో కాదు, రాజంపేట పొలములను ఒరసికొని వచ్చి సిద్ధవటము చేరువను పెన్నలో కలియు చెయ్యేరేయని మా కడప సీమవారి నమ్మకము. చేయి నిచ్చిన యేరు గనుక చెయ్యేరు. పండితులు ఈ వ్యుత్పత్తికి తల యూపుదురో లేదో గాని, 2021 నవంబరు 19 తరువాత ఆ కథ తలపునకు వచ్చినపుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

బద్వేలు వంటి యూళ్లలో పుట్టి పెరిగినవారికి వరద యనగా భయముకన్న ముందు ఆశ కలుగును. సగిలేరు పారినదన్నను, పెద్దచెరువు మరవ పోవుచున్నదన్నను ఊరు ఊరంతయు కట్టమీదికి చేరును. కప్పలకు పెండ్లి చేసి, విరాటపర్వము చదివించి, మబ్బు నెదురుచూచు సీమ ఇది. చెయ్యేరును అట్టిదే, ఏడాదిలో హెచ్చుభాగము ఇసుకయే గాని నీరు కానరాదు, ఆ ఇసుకలో చెలమలు త్రవ్వి దాహము తీర్చుకొన్న పల్లెలే దాని గట్లమీద నున్నవి. దప్పిగొన్నవానికి ఈత నేర్పినవారెవ్వరు?

ఆ నవంబరులో బంగాళాఖాతమునందు పుట్టిన వాయుగుండము 19వ తేదీ తెల్లవారుజామున చెన్నై చెంత తీరము దాటెను. తీరమున వీచిన గాలికన్న, లోపలి కొండలపై కురిసిన వానయే ఘోరమైనది. శేషాచలము, పాలకొండలు ఆ మబ్బుల నడ్డగింపగా, తాగగలిగినంత తాగిన రాతినేల మిగిలిన నీటిని ఒక్కపెట్టున వాగులలోనికి విడిచెను. ఎగువను పింఛా జలాశయపు కట్ట తెగెను. ఆ నీరును, ఇతర వాగుల నీరును కలిసి, తాళ్లపాక అన్నమయ్య పేరిట చెయ్యేటిపై కట్టిన 2.24 టి.ఎం.సి.ల జలాశయముపై పడెను. రాతికట్టడము మీదుగా నీరు పొరలినను కొంతసేపు నిలుచునేమో గాని, మట్టికట్ట నిలువదు. పైనుండి దుమికిన నీరు వెనుకవాలును కోసికొని పోవును, ఆ కోత కట్టతల నంటిన క్షణమున కట్ట యనునది ఇక లేదు. అట్లే జరిగెను. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మొదలగు పల్లెలు కార్తిక పౌర్ణమినాటి ఉదయమున నీటిపాలయ్యెను. ఆర్టీసీ బస్సులు నడిదారిలో ప్రయాణికులతో చిక్కుకొనెను. నందలూరు ప్రాంతమున రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను.

అన్నమయ్య జలాశయపు ఐదు గేట్లలో ఒకటి తెరచుకొనలేదని కేంద్రమంత్రి గజేంద్రసింగ్ షెకావత్ రాజ్యసభలో చెప్పెను. ఎన్నడును రాని వరద వచ్చినదని రాష్ట్రప్రభుత్వము వాదించెను. మా ప్రాంతమున ఏ ఉత్పాతము కలిగినను, బ్రహ్మంగారు కాలజ్ఞానమున ముందే చెప్పినారనుట వాడుక. ఆయన యుండిన కందిమల్లాయపల్లె మాకు దగ్గరే గదా. కాని యొక గేటు లేచునో లేవదో తెలిసికొనుటకు కాలజ్ఞానము అక్కరలేదు.

ఇట్టి వేళ మనుష్యుని మంచితనము మొదటి దినములలో వరదవలెనే పొంగును. అన్నపు పొట్లములు, నీళ్ల సీసాలు, దుప్పట్లు ఊరూరినుండి వచ్చి చేరును. తెలుగువారికిది క్రొత్త గాదు. 1952లో రాయలసీమ కరువుకు గంజికేంద్రములు నడచిన కాలమున నందమూరి రామారావు సహాయనిధికై జోలెపట్టి తిరిగెను; 1977లో దివిసీమ ఉప్పెన వేలకొలది ప్రాణములను మ్రింగినపుడు సినిమావారు మరల వీధులకు వచ్చిరి. అదియును నవంబరు 19వ తేదీయే. నాడు సముద్రతీరమును ముంచిన దినము, నలువదినాలుగేండ్లకు, సముద్రమును చూచి యెరుగని మా మెట్టసీమ పల్లెలను ముంచుట కాకతాళీయమే యైనను మరువరానిది.

పొట్లములను నేను తక్కువచేయుటలేదు. ఆకలిగొన్న పూట అన్నమును మించిన ధర్మము లేదు. అయితే పదిదినములకు లారీలు వెనుకకు మరలును, నీరు తీసిపోవును, అప్పుడు ఇసుక కనబడును.

వరద చూడని వారికి ఈ ఇసుకమేట సంగతి చెప్పవలెను. పారినంతసేపు ఏరు తన గర్భములోని ఇసుకను మోసికొనివచ్చి, వేగము తగ్గినచోట విడిచిపెట్టును. అరటి తోటయు, మామిడి తోటయు, వరిమడియు ఒకే రీతిగా దాని క్రింద పండుకొనును. గెనిమలు కానరావు, ఎవరి చేను ఎక్కడ ముగిసినదో తెలియదు, బోరు పూడును, మోటారు బురదలో చిక్కును, గడ్డివామి పోవును, దానిని మేయవలసిన గేదెయు పోవును. రైతునకు భూమి కలదు, భూమిమీద భూమి లేదు. మూడంగుళములకు మించి మేటవేసిన పొలమునుండి ఇసుక తీయుటకు ఆనాటి విపత్తు సహాయ నిబంధనలు హెక్టారుకు 12,200 రూపాయలు చూపినవి. అనగా ఎకరమునకు అయిదువేలకు లోపు. జేసీబీ బాడుగ ఎరిగినవారికి ఈ లెక్క నేను విప్పి చెప్పనక్కరలేదు.

సాయము చేయగోరువాడు ఈ ఇసుక దగ్గరకు రావలెనని నా మనవి. నాలుగు ట్రాక్టర్లు, ఒక జేసీబీ, పూడిన బోరు నెత్తు పనివాడు, మోటారు విప్పి యార్చి చుట్ట చుట్టగల మెకానిక్కు, ఈనిక దగ్గరపడిన గేదెకు ఒక నెల గడ్డి. ఇవి ఫొటోలో అందముగా నుండవు. కాగితముల పని మరియును అందము లేనిది. పాసుపుస్తకము, ఆధారు, రేషను కార్డు, పిల్లల మార్కుల పత్రము ఒకే ట్రంకుపెట్టెలో పెట్టుకొన్న యింటికి ఆ పెట్టె పోయిన పిమ్మట తాము ఫలానావారమని నిరూపించుకొనుటయే మొదటి కష్టము. చదువుకొన్న పిల్లవాడొకడు చావడిలో కూర్చుండి వారము దినములు దరఖాస్తులు వ్రాసిపెట్టినచో అది నూరు చీరల దానముతో సమానము. కౌలురైతు గతి ఇంకను కనాకష్టము. 2019 చట్టము ప్రకారము సాగుదారు హక్కు పత్రము లేనివానికి, మునిగిన పంట తనదే యైనను పరిహారము మీద అతని పేరుండదు. ఆ పత్రమునకు భూమి యజమాని సమ్మతి కావలెను. యజమానులు సంతకమునకు జంకుదురు.

ఎన్నడును ఒకరి ముందు చేయి చాపని రైతును వరద ఒక్క ఉదయమున వరుసలో నిలబెట్టును. అతని అరచేత నేమి పెట్టితిమను లెక్క మనకుండును. లిఖితునకు బాహుద యిచ్చినది పండు కాదు, చేయి.

ఇది వ్రాయుచు మా పోరుమామిళ్ల చెరువు శాసనమును తలంచుచున్నాను. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించినది. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల పని యని అందే కలదు. చెరువునకు పన్నెండు సాధనములను, ఆరు దోషములను అది లెక్కించి చెప్పును. దోషములలో ఒకటి, నీరు మిక్కుటమై నేల చాలకుండుట. మెట్టసీమయందు నీరు ఎక్కువగుట కూడ దోషమని ఆరువందల యేండ్లకు మునుపే ఎవరో యోచించి రాతికెక్కించిరి. అటుపిమ్మట తరతరములు ఈ చెరువులను దశబంధ మాన్యములు కాపాడెను. మాన్యము తినువాడు కట్టకు మట్టి వేయవలెను, నీరుగంటి తూము చూడవలెను, వానరాత్రి కందీలు పట్టుకొని మరవ దగ్గర కావలి యుండవలెను. ఆ సాధనముల పట్టికలో ధర్మాత్ముడైన రాజు ఉన్నాడు, జలశాస్త్ర మెరిగిన బ్రాహ్మణుడు ఉన్నాడు, గట్టినేల యున్నది, కొండల నడుమ కట్ట యున్నది. పనియందు నేర్పుగల జనులును ఆ పట్టికలోనే ఉన్నారు.