జవాబు చెప్పని గురువులు!

కోచింగ్ అనగానే మనకు ఐఐటీ, గ్రూప్స్, అమీర్‌పేట గుర్తొస్తాయి. ప్రపంచమంతా ఇప్పుడు ఇంకోరకం కోచింగ్ విస్తరిస్తోంది. అందులో సిలబస్ ఉండదు, మెటీరియల్ ఉండదు, ర్యాంకులూ ఉండవు. ఫీజు తీసుకుని ప్రశ్నలు మాత్రం అడుగుతారు! జవాబు మనమే వెతుక్కోవాలి.

అది 2001. ఎరిక్ ష్మిట్ గూగుల్ పగ్గాలు చేపట్టిన కొత్త. ఓ కోచ్‌ని పెట్టుకోమని బోర్డు సభ్యుడు జాన్ డోర్ ఆయనకు సలహా ఇచ్చారు. ష్మిట్‌కి అది అస్సలు నచ్చలేదు. అప్పటికే ఓ పెద్ద కంపెనీని నడిపి వచ్చిన మనిషాయె! తనలో ఏం లోపం కనిపించిందని ఈ మాటన్నారా అని నొచ్చుకున్నారు. అయినా సరేనన్నారు. అలా వచ్చిన కోచ్ బిల్ క్యాంప్‌బెల్. ఆయనేమీ సాఫ్ట్‌వేర్ మేధావి కాదు. ఒకప్పుడు కొలంబియా యూనివర్సిటీలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్. అక్కడ ఆయన జట్టు గెలిచిన మ్యాచ్‌లకన్నా ఓడినవే ఎక్కువ. తరవాత వ్యాపార రంగానికి వచ్చి ఇంట్యూట్ కంపెనీకి సీఈఓ అయ్యారు. యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్‌ కూడా ఆయనతో కలిసి నడుస్తూ మనసులో మాట చెప్పుకునేవారు. తన జీవితంలో అందుకున్న గొప్ప సలహా కోచ్‌ని పెట్టుకోమనడమేనని 2009లో ష్మిట్ స్వయంగా చెప్పారు. 2016లో క్యాంప్‌బెల్ చనిపోయాక, మరో ఇద్దరితో కలిసి ఆయనమీద 'ట్రిలియన్ డాలర్ కోచ్' అనే పుస్తకమూ రాశారు.

బండి పేరే బడి పేరు

ఇంతకీ కోచ్ అన్న మాట ఎక్కడిది? హంగరీలో కోచ్ అనే ఊరుంది. అక్కడ తయారైన గుర్రపుబళ్లు యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నాయి. ఊరి పేరే బండి పేరైంది. 1830ల్లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు పరీక్ష గట్టెక్కించే ట్యూటర్‌ని సరదాగా కోచ్ అనడం మొదలుపెట్టారు. బండి మనల్ని ఊరు చేర్చినట్లు ఆయన పరీక్ష దాటిస్తాడని! ఆటల కోచ్‌లు ఆ తరవాతే వచ్చారు. అంటే, అమీర్‌పేటలో మనం వాడుతున్నదే పాత అర్థమన్నమాట.

కొత్త అర్థం టెన్నిస్ కోర్టులో పుట్టింది. అమెరికాకు చెందిన టిమోతీ గాల్వే టెన్నిస్ నేర్పేవారు. 'రాకెట్ ఇలా పట్టుకో, చెయ్యి అలా తిప్పు' అని చెప్పేకొద్దీ శిష్యులు బిగుసుకుపోతున్నారని ఆయన గమనించారు. సూచనలు తగ్గించి, బంతిని జాగ్రత్తగా గమనించమన్నారు. ఆట బాగుపడింది. ఆటగాడి అసలు ప్రత్యర్థి అతని మనసులోనే ఉంటాడంటూ 1974లో ఆయన రాసిన 'ది ఇన్నర్ గేమ్ ఆఫ్ టెన్నిస్' పుస్తకాన్ని ఆటగాళ్లతోపాటు కంపెనీల అధికారులూ చదివారు. బ్రిటన్‌లో కార్ రేసింగ్ ఛాంపియన్ జాన్ విట్‌మోర్ ఆ పద్ధతిని ఆఫీసుల్లోకి తెచ్చారు. ఆయన 'కోచింగ్ ఫర్ పర్ఫార్మెన్స్' 1992లో వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఆర్థిక సలహాదారు థామస్ లియొనార్డ్ కోచ్‌లకు శిక్షణ ఇచ్చే 'కోచ్ యూ'ని ప్రారంభించారు. 1995లో ఆయన చొరవతోనే అంతర్జాతీయ కోచ్ ఫెడరేషన్(ఐసీఎఫ్) ఏర్పడింది.

గంటసేపు ఏం మాట్లాడతారు?

హైదరాబాద్‌లో ఓ ఐటీ ఉద్యోగికి ప్రమోషన్ వచ్చిందనుకుందాం. నిన్నటిదాకా పక్కసీట్లో కూర్చున్నవాళ్లకే ఇప్పుడు తాను మేనేజరు. పని పంచలేక అన్నీ తనే నెత్తినేసుకుంటున్నాడు. రాత్రి పదైనా ఇల్లు చేరడం లేదు. కన్సల్టెంట్ అయితే ఏం చేయాలో రాసిస్తాడు. మెంటార్ తన అనుభవం చెబుతాడు. కోచ్ మాత్రం 'ఆరు నెలల తరవాత నీ రోజు ఎలా ఉండాలి?' అని అడుగుతాడు. అది లక్ష్యం. 'ఇప్పుడెలా ఉంది?' అన్నది వాస్తవం. 'ఏమేం చేయొచ్చు?' అన్నవి మార్గాలు. 'వచ్చే సోమవారంకల్లా వీటిలో ఏది చేస్తావు?' అన్నది సంకల్పం. విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన 'గ్రో' పద్ధతి ఇదే. ఎదుటివాడు చెప్పిన పరిష్కారాన్ని వాయిదా వేస్తాం కానీ సొంతంగా ఆలోచించి తేల్చుకున్నదాన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టమన్నది దీని వెనక ఉన్న నమ్మకం.

చేయి తిరిగినవాళ్లకూ ఇది అక్కరకొస్తుంది. భారత సంతతికి చెందిన అమెరికన్ సర్జన్ అతుల్ గవాండే ఎనిమిదేళ్లు ఆపరేషన్లు చేశాక తన నైపుణ్యం ఇక పెరగడం లేదని గుర్తించారు. ఒకప్పుడు తనకు పాఠాలు చెప్పి రిటైరైన డాక్టర్ రాబర్ట్ ఆస్టీన్‌ని థియేటర్‌కి పిలిచి, ఓ పక్కన నిలబడి చూడమన్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ గురువుగారి నోట్‌బుక్ నిండింది! లైటు పక్కకు జరిగినా గవాండే చూసుకోలేదు. పనిచేస్తూ మోచెయ్యి పైకి లేపుతున్నారు. 2011లో ఈ అనుభవాన్ని ఆయనే పత్రికలో రాశారు. తప్పు తెలియకపోవడానికి కారణం అజ్ఞానమే కానక్కర్లేదు. మన మోచెయ్యి మనకు కనపడదంతే!

లక్ష దాటారు

2019లో ప్రపంచవ్యాప్తంగా కోచ్‌లు దాదాపు 71 వేలమంది ఉంటారని ఐసీఎఫ్ అంచనా. 2022 నాటికి ఆ సంఖ్య 1,09,200కి చేరింది. వాళ్ల వార్షికాదాయం 285 కోట్ల డాలర్ల నుంచి 456 కోట్ల డాలర్లకు పెరిగింది. 2025 అధ్యయనం ప్రకారం కోచ్‌లు సుమారు 1.23 లక్షలు, ఆదాయం 534 కోట్ల డాలర్లు. కొవిడ్ తరవాత వీడియో కాల్స్ అలవాటవడంతో కోచ్ ఒక దేశంలో, క్లయింట్ మరో దేశంలో ఉండటం మామూలైపోయింది.

కంపెనీలూ కారణమే. మంచి మేనేజరుకు ఏం లక్షణాలుండాలో తేల్చడానికి 2008లో గూగుల్ సొంతంగా అధ్యయనం మొదలుపెట్టింది. ఫలితాల్లో మొదటి స్థానం సాంకేతిక పరిజ్ఞానానికి కాదు, మంచి కోచ్‌గా ఉండటానికి దక్కింది. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల సారథ్యంలో మైక్రోసాఫ్ట్ కూడా ఆదర్శంగా ఉండటం, ఆదరంగా చూడటంతోపాటు కోచింగ్‌నీ మేనేజర్ల బాధ్యతల్లో చేర్చింది.

బోర్డు ఎవరైనా పెట్టొచ్చు!

సరిగ్గా ఇక్కడే చిక్కుంది. డాక్టరు కావాలంటే డిగ్రీ ఉండాలి, లాయరు కావాలంటే బార్ కౌన్సిల్లో పేరుండాలి. కోచ్‌కి మనదేశంలోనే కాదు, అమెరికాలోనూ ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. వారాంతపు వర్క్‌షాప్‌కి హాజరై సోమవారం 'లైఫ్ కోచ్' అని బోర్డు పెట్టినా అడిగేవారుండరు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో లైఫ్ కోచింగ్ వ్యాపారం నడిపిన జోడీ హిల్డెబ్రాంట్‌కు పిల్లల్ని చిత్రహింసలు పెట్టిన కేసులో 2024 ఫిబ్రవరిలో జైలుశిక్ష పడింది. ఆ పిల్లల తల్లి ఒకప్పుడు ఆమె దగ్గరికి సలహాకు వచ్చి, తరవాత వ్యాపార భాగస్వామి అయిన మహిళే. ఆ తల్లికీ శిక్ష పడింది. లైఫ్ కోచ్‌లకు నిబంధనలు ఉండాలన్న చర్చ ఆ రాష్ట్రంలో ఊపందుకుంది.

అందుకే ఫీజు కట్టేముందు మనమే నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎక్కడ శిక్షణ పొందారు? ఎన్ని గంటల అనుభవం ఉంది? ఐసీఎఫ్ గుర్తింపులో మూడు మెట్లున్నాయి. వాటికి వరసగా కనీసం 100, 500, 2500 గంటలు కోచింగ్ ఇచ్చిన అనుభవం చూపాలి. మన మాటలు గోప్యంగా ఉంచుతారా? కంపెనీయే ఫీజు కడుతుంటే ఈ విషయం ముందే తేల్చుకోవాలి. ఇక నాలుగోది... తమ పరిధి దాటిన సమస్య వస్తే ఏం చేస్తారు? నిద్ర పట్టకపోవడం, ఆత్మహత్య ఆలోచనలు, తీవ్రమైన దిగులు లాంటివాటికి వెళ్లాల్సింది కోచ్ దగ్గరికి కాదు, మానసిక వైద్యుల దగ్గరికి. ఆ మాట తానే చెప్పి పంపేవాడు మంచి కోచ్. అన్నిటికీ తన ప్యాకేజీలోనే పరిష్కారముందనేవాళ్ల దగ్గర జాగ్రత్తపడాలి.

రేపటి కోచ్ యంత్రమా?

కోచ్‌ల ఫీజు ఇప్పటికీ సామాన్యులకు భారమే. ఆ లోటును కృత్రిమ మేధ తీరుస్తుందా? పది నెలలపాటు సాగిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. లక్ష్యాలు చేరుకోవడంలో చాట్‌బాట్ కోచ్ కూడా మనుషులకు దీటుగానే సాయపడిందని తేలింది. ఐసీఎఫ్ 2024లో కృత్రిమ మేధ కోచింగ్‌కు ప్రమాణాలు రూపొందించింది. లక్ష్యం ఏమిటి, ఎప్పటికి పూర్తిచేస్తావు లాంటి ప్రశ్నలు అర్ధరాత్రి అడగడానికైనా యంత్రానికి విసుగుండదు. కానీ, 'ఉద్యోగం మారాలి' అంటున్న మనిషి గొంతు ఎందుకు వణికిందో పసిగట్టి, అసలు ప్రశ్న ఉద్యోగం గురించి కాదని గుర్తించడం వేరే విద్య. కోచ్‌ల భవిష్యత్తు ఆ విద్యమీదే ఆధారపడి ఉంది.

దాన్ని ఇంట్లోనూ ప్రయత్నించవచ్చు. మార్కులు తగ్గాయని పిల్లాడు తల వంచుకుని నిలబడితే, సలహాలు చెప్పే ముందు ఒక్కసారి 'నువ్వేమనుకుంటున్నావురా?' అని అడిగి చూడండి. ఆ తరవాత వాడు చెప్పేదాకా ఆగాలి. అన్నిటికన్నా కష్టం అదే!