గురుకులమా? ఊరి బడా?

కిందటి వేసవిలో ఒక శుక్రవారం. నరసరావుపేటలో జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుండగా ఒక పరిచయస్తుడు మమ్మల్ని ఆపాడు. పేటకు దగ్గరి పల్లెలో దర్జీ పని చేసుకుని బతికే మనిషి. సలాం చెప్పి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి మా చేతిలో పెట్టాడు. ఆయన కుమార్తెకు నవోదయ విద్యాలయంలో ఆరో తరగతి సీటు వచ్చింది.

సంతోషించవలసిన సమయమే. కాని ఆయన ముఖంలో దిగులు కనిపించింది. "మా ఊళ్లోనే జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది సాబ్. నడిచి వెళితే పది నిమిషాలు. మా అమ్మేమో ఆడపిల్లను అంత దూరం పంపవద్దంటోంది. మా ఇంటావిడేమో వచ్చిన సీటు వదులుకుంటామా అంటోంది. బిడ్డ ఏమీ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మాచర్ల మొదలు చిలకలూరిపేట దాకా ఏటా ఎన్నో ఇళ్లలో తలెత్తే ప్రశ్న ఇది. పదకొండేళ్ల బిడ్డ గురించి పెద్దలు తీసుకునే నిర్ణయం ఆ బిడ్డ జీవితాంతం వెంట వస్తుంది. అందుకే ఈ వారం దీని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఈ బడులు ఎలా వచ్చాయి?

ప్రతిభ గల పేద పిల్లలను పరీక్ష పెట్టి ఎంచుకుని, ఉచితంగా తిండి, వసతి, చదువు ఇచ్చే పద్ధతికి తెలుగునాట అర్ధ శతాబ్దం చరిత్ర ఉంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది మన గుంటూరు జిల్లా తాడికొండలోనూ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలోనూ వెలిశాయి. తరువాత ఆయనే కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్న కాలంలో 1986 జాతీయ విద్యా విధానం వచ్చింది. జిల్లాకొక నవోదయ విద్యాలయం అన్న ఆలోచన దాని వెంటే దేశమంతా పాకింది.

ఉమ్మడి గుంటూరు జిల్లా నవోదయ చిలకలూరిపేట దగ్గర మద్దిరాలలో ఉంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఆ ఊరు మన జిల్లాలోకే వచ్చింది. పేట వారికి అది దగ్గరే. మాచర్ల, గురజాల వారికి మాత్రం పిల్లను చూసి రావాలంటే ఒక రోజు కూలి పోయినట్టే.

ఇలాంటి ఎంపిక ఇతర దేశాలలోనూ ఉంది. అమెరికాలో 1970ల నుంచి 'మాగ్నెట్ స్కూళ్లు' నడుస్తున్నాయి. నల్లవారి పిల్లలూ తెల్లవారి పిల్లలూ ఒకే బడికి రావాలన్న ఉద్దేశంతో, ప్రత్యేకమైన చదువులను ఆకర్షణగా పెట్టి వాటిని నెలకొల్పారు. దూరపు మంచి బడా, దగ్గరి మామూలు బడా అని అక్కడి తల్లిదండ్రులూ తల పట్టుకుంటారు. అయితే వారి బిడ్డ సాయంత్రానికి బస్సెక్కి ఇంటికి వస్తుంది. మన బిడ్డ సెలవులకు గాని రాదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఒక్కసారే వచ్చే అవకాశం

నవోదయ ప్రవేశ పరీక్ష ఐదో తరగతి చదువుతున్నప్పుడు రాయాలి. రెండు గంటల పరీక్ష, ఎనభై ప్రశ్నలు, వంద మార్కులు. అందులో సగం మార్కులు మేధాశక్తి పరీక్షకే. అంటే బొమ్మల్లో పోలికలు, తేడాలు పట్టుకోవడం. మిగతా సగం లెక్కలకూ, భాషకూ సమానంగా ఉంటాయి. తెలుగులో రాయవచ్చు. ఉర్దూ మీడియం పిల్లలు ఉర్దూలో రాయవచ్చు. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంతాల పిల్లలకు, మూడో వంతు బాలికలకు కేటాయిస్తారు. ఒక బిడ్డ జీవితంలో ఈ పరీక్ష ఒక్కసారే రాయగలదు. ఈసారి వదిలేసి వచ్చే ఏడు చూద్దాం అనుకోవడానికి వీలు లేదు.

సీటు వస్తే పన్నెండో తరగతి వరకు సీబీఎస్ఈ చదువు. భోజనం, వసతి, యూనిఫారం, పుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి ఉంటుంది గాని, బాలికలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికీ అది లేదు. ఇంకొక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలను ఒక ఏడాది పాటు హిందీ రాష్ట్రపు నవోదయకు పంపుతారు. ఆ పిల్లలు ఇక్కడికి వస్తారు. భాషలు కలవాలన్న మంచి ఉద్దేశంతో పెట్టిన పద్ధతే. కాని ముందే తెలిసి ఉండటం మంచిది. అప్పుడు తెలిసి ఇంట్లో గగ్గోలు పెట్టుకోవడం కంటే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఊరి బడిని చిన్నచూపు చూడకండి

సీటు రాని పిల్లలే ఎక్కువ. వారి తల్లిదండ్రులు కుంగిపోనవసరం లేదు. సీటు వచ్చినవారు కూడా ఊరి బడిని తీసిపారేయకుండా తూకం వేసుకోవాలి.

జిల్లా పరిషత్ బడిలో చదివే పిల్లలకు ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్ష ఉంది. 2008లో మొదలైంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల వరకు ఏటా 12 వేల రూపాయలు ఇస్తారు. నవోదయలోను, ప్రభుత్వ గురుకులాలలోను ఉండి చదివే పిల్లలు దీనికి అర్హులు కారు. అలాగే 2008లో ఏర్పడిన నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలలో పదో తరగతి మార్కులతోనే సీట్లు ఇస్తారు. హాస్టలు లేని ప్రభుత్వ బడిలో చదివిన వారికి అక్కడ అదనపు స్కోరు కలుపుతారు. ఊరి బడి నుంచి కూడా తలుపులు తెరిచే ఉన్నాయన్నమాట. ఆ తలుపులు ఉన్న సంగతి చెప్పేవారు లేకనే మన పిల్లలు ఎందరో వెనుకబడిపోతున్నారు.

ఇంటి దగ్గర చదివే బిడ్డ ఉదయం మక్తబ్‌కు వెళ్లగలదు, ఇంట్లో ఉర్దూ నిలుపుకోగలదు. జ్వరం వస్తే తల్లి చేయి నుదుటి మీద ఉంటుంది. వీటికి మార్కులు వేసేవారు లేరు గాని వీటి విలువ చిన్నది కాదు. అయితే ఇంట్లో ఉన్న బిడ్డ మీద ఇంటి పనీ పడుతుంది. మిరప కోతల కాలంలో తల్లి కూలికి వెళితే తమ్ముడిని ఎత్తుకోవలసింది ఆడపిల్లే. ఊరి బడిలో పేరు ఉండి బెంచీ మీద మనిషి లేని రోజులు అలా పెరుగుతాయి. నిజాయితీగా ఈ లెక్క కూడా వేసుకోవాలి.

మన ఇళ్లలోని భయాలు

నమాజు ఏమవుతుంది, తిండి ఏమవుతుంది, వయసు వచ్చే ఆడపిల్ల ఎలా ఉంటుంది? ఈ మూడు ప్రశ్నలను ఎవరూ ఎగతాళి చేయనవసరం లేదు. అడగవలసిన ప్రశ్నలే. కాని ఎవరినో కాదు, నేరుగా ప్రిన్సిపాలును అడగాలి. ప్రభుత్వ గుర్తింపు గాని, ప్రభుత్వ నిధులు గాని పొందే విద్యాసంస్థలో, పిల్లల సంరక్షకుల సమ్మతి లేకుండా వారిని మతబోధలో గాని, ఆరాధనలో గాని పాల్గొనమనరాదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మాంసం విషయంలో సందేహం ఉంటే కూర, పప్పు, గుడ్డుతో సరిపెట్టుకోమని బిడ్డకు ముందే చెప్పవచ్చు. రంజాన్‌లో సహరీకి ఏర్పాటు ఉంటుందా, ఈద్‌కు ఇంటికి పంపుతారా అన్నవి మర్యాదగా అడిగి తెలుసుకోవచ్చు.

దేశంలో ఆరు నుంచి పద్నాలుగేళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. అది మన ఇళ్ల లెక్క. ఆ లెక్కలో మా ఇల్లు కూడా ఉంది.

మా ఇంటి సంగతి

మా చెల్లెలు ఐదో తరగతిలో ఉండగా ఒక గురుకులంలో సీటు వచ్చింది. ఇంట్లో పెద్దలు వద్దన్నారు. అప్పటికి చదువుకున్న కుర్రవాళ్లమైన మేము కూడా నోరు మెదపలేదు. మా ఊళ్లో ఏడో తరగతి వరకే ఉండేది. హైస్కూలుకు పక్క ఊరు వెళ్లాలి. "అక్కడికీ వద్దు" అన్నారు. దగ్గరి బడి అని ఆపిన వాళ్లం, ఆ దగ్గరి బడి అయిపోయాక ఏమిటన్నది ఆలోచించలేదు. ఈనాడు తన మనుమరాలి చేత హోంవర్కు చేయిస్తూ ఏడో తరగతి లెక్కల దగ్గర ఆగిపోతుంది. మమ్మల్ని ఏనాడూ నిందించలేదు. అదే మాకు బరువు.

మా మేనల్లుడి సంగతి వేరు. వాడికి ఇష్టం లేకపోయినా పేరు వస్తుందని హాస్టలుకు పంపాం. మూడు నెలలు ఏడ్చి, తిండి మానేసి, దసరా సెలవులకు వచ్చినవాడు తిరిగి వెళ్లలేదు. ఊరి జిల్లా పరిషత్ బడిలోనే పదో తరగతి మంచి మార్కులతో పూర్తి చేశాడు. ఇప్పుడు నిక్షేపంగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒకే కుటుంబంలో రెండు పాఠాలు. రెండు చోట్లా మేము చేసిన తప్పు ఒకటే: బిడ్డను అడగలేదు.

నిర్ణయానికి ముందు

మొదట బిడ్డతో కలిసి ఆ బడి చూసి రండి. స్నానాల గదులు, పడుకునే చోటు, జబ్బు చేస్తే చూసే నర్సు ఉన్నారా లేదా చూడండి. అక్కడ చదువుతున్న మన పిల్లలు ఎవరైనా ఉంటే వారి తల్లులతో మాట్లాడండి. ఊరి హైస్కూలుకు కూడా వెళ్లి లెక్కల టీచరు, సైన్సు టీచరు ఉన్నారా అని హెడ్మాస్టరును అడగండి. పదో తరగతి తరువాత ఏ దారి అన్నది రెండు వైపులా ఆలోచించండి. కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం ముందే తీయించి పెట్టుకోండి. నవోదయ రాని బాలికలకు ఆరో తరగతి నుంచి కస్తూర్బా గాంధీ విద్యాలయాలు ఉన్నాయని మరచిపోకండి. ఇంట్లో అందరూ కూర్చుని మష్వరా చేయండి. ఇస్తిఖారా చేసేవారు చేయండి. ఆ మష్వరాలో బిడ్డకూ ఒక చోటు ఇవ్వండి.

దర్జీ మిత్రుడికి మేము చెప్పింది ఇదే. ఆయన మరుసటి వారమే తల్లినీ, భార్యనూ, బిడ్డనూ వెంటబెట్టుకుని మద్దిరాల వెళ్లి వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల మొదటిసారి నోరు తెరిచిందట. "దాదీ, అక్కడ లైబ్రరీ ఎంత పెద్దదో చూశావా?" అందట. ముసలమ్మ కాసేపు ఏమీ అనలేదట. తరువాత, "నెలకోసారి నన్ను తీసుకువెళ్లి చూపిస్తానంటేనే పంపండి" అందట.

జూన్‌లో ఆ బిడ్డ వెళ్లింది. దర్జీ మిత్రుడు ఆ మాట తప్పలేదు. పిల్లలను చూడనిచ్చే రోజు వస్తే ఆయన మిషను మూసే ఉంటుంది.