స్పర్శరహిత స్మార్ట్ కార్డులలో మెమరీ నిర్మాణం : మైఫేర్ క్లాసిక్ కార్డు – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ప్రయాణికుడు కార్డును యంత్రం వద్ద చూపగానే స్టేషను గేటు తెరుచుకుంటుంది. ఆ క్షణకాలంలోనే కార్డులో నిల్వ ఉన్న సొమ్ము చదవబడి, ఛార్జీ తగ్గించబడి, కొత్త విలువ తిరిగి వ్రాయబడుతుంది. కార్డులో బ్యాటరీ ఉండదు. రీడరు వెలువరించే 13.56 మెగాహెర్ట్జ్ క్షేత్రం నుండే అది విద్యుత్తును గ్రహిస్తుంది. కనుక కార్డును ముందే వెనక్కి తీసుకుంటే వ్రాత మధ్యలో ఆగిపోవచ్చు. పైగా ఒకే కార్డును పలు సంస్థలు వాడినపుడు ఒకరి సమాచారం మరొకరికి చిక్కరాదు. ఈ రెండు సమస్యలను మెమరీ అమరిక ద్వారా ఎదుర్కొన్న తీరును, ఆ అమరికకు గల పరిమితిని 1994లో వెలువడిన మైఫేర్ క్లాసిక్ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సెక్టార్లు – బ్లాకులు

ఈ కార్డు ఒక కిలోబైట్ రకంలో 1024 బైట్ల మెమరీ 16 సెక్టార్లుగా, ప్రతి సెక్టార్ 4 బ్లాకులుగా, ప్రతి బ్లాకు 16 బైట్లుగా విభజింపబడింది. చదవడం, వ్రాయడం బ్లాకు ప్రమాణంలోనే జరుగుతాయి. మొట్టమొదటి బ్లాకులో తయారీదారు నమోదు చేసిన కార్డు సంఖ్య ఉంటుంది; దానిని మార్చడానికి వీలులేదు. ప్రతి సెక్టార్‌లోని చివరి బ్లాకును ట్రెయిలర్ అంటారు. ఈ 17 బ్లాకులను మినహాయిస్తే వినియోగానికి మిగిలేది 752 బైట్లు మాత్రమే.

ట్రెయిలర్ : ప్రతి గదికీ తన తాళం

ట్రెయిలర్‌లో 6 బైట్ల 'ఎ' కీ, 4 బైట్ల అనుమతి భాగం, 6 బైట్ల 'బి' కీ వరుసగా ఉంటాయి. 'ఎ' కీని ఎవరూ తిరిగి చదవలేరు. ఒక్కొక్క బ్లాకుకు 3 చొప్పున నాలుగు బ్లాకులకు 12 అనుమతి బిట్లు అవసరం. వాటిని యథాతథంగా ఒకసారి, తలకిందులు చేసి మరొకసారి భద్రపరచడం వలన 3 బైట్లు నిండుతాయి; నాలుగవ బైటు వినియోగదారునిది. ఈ రెండు ప్రతులు పొసగకపోతే ఆ సెక్టార్ శాశ్వతంగా మూసుకుపోతుంది. అందువలన ట్రెయిలర్‌ను వ్రాసేటపుడు అత్యంత జాగ్రత్త అవసరం.

విలువ బ్లాకు

సొమ్మును నిల్వ చేసే బ్లాకులో 4 బైట్ల విలువ మూడు సార్లు (మధ్యది తలకిందులుగా), ఒక బైటు చిరునామా నాలుగు సార్లు (రెండు తలకిందులుగా) ఉంటాయి. వ్రాత మధ్యలో చెడితే ప్రతుల మధ్య తేడా దానిని బయటపెడుతుంది. అనుమతి బిట్లను తగినట్లు అమర్చితే 'ఎ' కీతో సొమ్మును తగ్గించడం మాత్రమే సాధ్యమవుతుంది. పెంచడానికి 'బి' కీ కావాలి. గేటులోని యంత్రానికి 'ఎ' కీని మాత్రమే ఇస్తే, ఆ యంత్రం అపహరణకు గురైనా దానితో కార్డులో సొమ్ము నింపడం కుదరదు.

అమరిక సరే, తాళం మాటేమిటి?

ఈ ఏర్పాటు మొత్తం క్రిప్టో-1 అనే రహస్య సాంకేతిక లిపిపై ఆధారపడింది. దాని కీ పొడవు 48 బిట్లు. 2007 డిసెంబరులో కార్‌స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్జ్ చిప్‌ను పొరలు పొరలుగా చిత్రీకరించి ఆ లిపి స్వరూపాన్ని వెలికితీసినట్లు బెర్లిన్‌లో ప్రకటించారు. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని బలహీనతలను పూర్తిగా నిరూపించారు. వారి పత్రం ప్రచురణను నిలిపివేయాలని తయారీ సంస్థ ఎన్‌ఎక్స్‌పి కోర్టును ఆశ్రయించగా, ఆర్న్‌హెమ్ న్యాయస్థానం 2008 జులైలో ఆ అభ్యర్థనను తిరస్కరించింది. నష్టానికి మూలం పరిశోధన ప్రచురణ కాదని, లోపభూయిష్టమైన చిప్ తయారీ, విక్రయమేనని అభిప్రాయపడింది.

ముగింపు

కీ తప్ప తక్కిన వ్యవస్థ అంతా బహిరంగమైనా భద్రత చెక్కుచెదరరాదన్న కెర్ఖోఫ్స్ సూత్రం 1883 నాటిది. తరువాతి డెస్‌ఫైర్ కార్డులు అప్లికేషన్లు, ఫైళ్ల అమరికను స్వీకరించడంతోపాటు బహిరంగ పరీక్షకు నిలిచిన ఏఈఎస్ వంటి లిపుల వైపు మళ్లాయి. ఎవరు ఏ గదిని తెరవవచ్చునో మెమరీ అమరిక నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయం నిలబడటం మాత్రం తాళం బలంపైనే ఆధారపడి ఉంటుంది. ఆ బలాన్ని తేల్చగలిగేది స్వేచ్ఛగా ప్రచురితమయ్యే పరిశోధన మాత్రమే.