మన నెత్తురుకు మన కొలత

ఒక గొట్టం రక్తంతో, ఒక సీసా మూత్రంతో క్యాన్సర్‌ను ముందే పట్టుకునే పరీక్షలపై ప్రపంచమంతా పరిశోధన సాగుతోంది. ఆ ఫలం నంద్యాల, ఆళ్లగడ్డలకు నిజంగా అందాలంటే ముందు జరగాల్సిన పని ఒకటుంది.

ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లలోనో పూజలందుకుంటున్నాయి. చెక్కేటప్పుడు లేచే దుమ్ము మాత్రం వాళ్ల ఊపిరితిత్తుల్లో చేరుతుంది. రాతిలో ఉండే స్ఫటిక సిలికా దుమ్మును ఏళ్ల తరబడి పీల్చితే క్యాన్సర్ రావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే తేల్చింది. దానికి బీడీ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. నోట్లో పుండునో, రొమ్ములో గడ్డనో ఆరోగ్య కార్యకర్త చూసి, తాకి అనుమానించగలదు. ఊపిరితిత్తి, క్లోమం, అండాశయం అలా చేతికి చిక్కవు. ఎక్స్‌రేలో కనిపించిన నీడను టీబీ అనుకుని మందులు వాడి, చివరికి ముక్క తీసి పరీక్షకు పంపేసరికి జబ్బు ముదిరిపోవడం మన దేశంలో తరచూ జరిగేదే. అందుకే ఒంటి ద్రవాల్లో క్యాన్సర్ జాడ పట్టే పరీక్ష అనగానే ఆశ పుడుతుంది. ఆ ఆశ న్యాయమైనదే. అయితే ఎక్కడో తయారైన పరీక్షను తెచ్చి ఇక్కడ అందరికీ చేసేస్తే మేలు కన్నా కీడే ఎక్కువ కావచ్చు. ఈ ప్రాంతపు ఆరోగ్యవంతుల రక్తం, మూత్రం ఎలా ఉంటాయో ముందుగా మనమే కొలిచి పెట్టుకోవాలి.

కణం తిండే దాని జాడ

క్యాన్సర్ కణం తినే తీరే వేరు. ఆక్సిజన్ అందుతున్నా అది గ్లూకోజును విపరీతంగా లాక్కుని లాక్టేట్‌గా మారుస్తుందని జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920ల్లో గమనించారు. ఈనాటి పెట్ స్కాన్ గడ్డను పట్టేది ఆ ఆకలి ఆధారంగానే. అలాంటి జాడలను ఒంటి ద్రవాల్లో వెతకాలంటే వాటిలోని రసాయనాలను కొలవాలి. ఆ కొలతల శాస్త్రంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చేసిన పని చాలా పెద్దది. రక్తంలోనూ మూత్రంలోనూ ఉన్న భాస్వరాన్ని రంగు మార్పుతో కొలిచే పద్ధతిని ఆయన హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందును తయారుచేసింది. దాన్ని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇస్తే కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గుతోందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ చూపించారు. సుబ్బారావు రోజుల్లో ఒక్కో పదార్థాన్ని విడివిడిగా కొలిచేవారు. ఇప్పుడు మాస్ స్పెక్ట్రోమీటర్, ఎన్‌ఎంఆర్ యంత్రాలు ఒక్క నమూనాలో వందల పదార్థాలను ఒకేసారి లెక్కగడుతున్నాయి. మూత్రంలోనే మూడు వేలకు పైగా రసాయనాలను గుర్తించారు. అడ్రినల్ గ్రంథిలో వచ్చే ఒక రకం గడ్డకు మెటానెఫ్రిన్లు, పేగుల్లో పుట్టే కార్సినాయిడ్ గడ్డలకు 5-హెచ్‌ఐఏఏ అనే పదార్థాన్ని కొలవడం పెద్దాసుపత్రుల్లో మామూలే. కాబట్టి ఇది గాలిమేడ కాదు.

తొందరపాటు నేర్పిన పాఠాలు

2009లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరేకొద్దీ సార్కోసిన్ అనే పదార్థం పెరుగుతోందని, మూత్రంలోనూ ఆ తేడా కనిపిస్తోందని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఆ తర్వాత వేరే బృందాలు వేరే రోగుల్లో వెతికితే చాలాచోట్ల ఆ తేడా నిలబడలేదు. జపాన్ అనుభవం ఇంతకన్నా బరువైనది. ఆరు నెలల పసిపిల్లల మూత్రంలో రెండు పదార్థాలను కొలిచి న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌ను ముందే పట్టాలని ఆ దేశం 1980ల మధ్యలో పథకం పెట్టింది. కేసులు కుప్పలుగా దొరికాయి. కానీ వాటిలో చాలా గడ్డలు వాటంతటవే కరిగిపోయే రకం. ఇలాంటి పరీక్షల వల్ల మరణాలు తగ్గలేదని కెనడా, జర్మనీ అధ్యయనాలు 2002లో తేల్చాక జపాన్ కూడా ఆ పథకాన్ని నిలిపేసింది. అప్పటికే అవసరం లేని ఆపరేషన్లు, మందులు ఎందరో పసివాళ్లు భరించారు. పరీక్ష పదార్థాన్ని సరిగ్గానే కొలిచింది, ప్రాణం కాపాడలేకపోయింది.

మన లెక్క వేసుకుందాం. ఐసీఎంఆర్ అంచనా ప్రకారం 2022లో దేశంలో లక్ష జనాభాకు సుమారు 100 మందికి కొత్తగా క్యాన్సర్ వచ్చింది. వందమంది రోగుల్లో 90 మందిని పట్టుకుని, ఆరోగ్యవంతుల్లో వందకు 95 మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష ఉందనుకుందాం. లక్షమందికి చేస్తే అది 90 మంది రోగులను పడుతుంది. 4,995 మంది ఆరోగ్యవంతులకూ క్యాన్సర్ అనుమానం అంటగడుతుంది. 2011 జనాభా లెక్కల్లో సుమారు 17.8 లక్షల మంది ఉన్న నంద్యాల జిల్లాకంతా చేస్తే అలా ఉత్తపుణ్యానికి భయపడేవాళ్లు దాదాపు 89 వేలు. స్కానింగులకు కర్నూలుకో, హైదరాబాద్‌కో తిరగడానికి ఎన్ని కుటుంబాలు అప్పు చేయాలి?

ఎండ, తిండి, చక్కెర

ఇక కొలతలో మన ప్రాంతం సంగతి. ఎండాకాలంలో నంద్యాల రాష్ట్రంలోనే అత్యంత వేడి ఊళ్లలో ఒకటి. పొలంలోనో, రాతి పనిలోనో చెమటోడ్చిన మనిషి మూత్రం చిక్కబడి, అందులోని చాలా పదార్థాల అంకె పెరుగుతుంది. జొన్నరొట్టె తినేవారికి, మూడుపూటలా వరి అన్నం తినేవారికి, పొగాకు నమిలేవారికి, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మింగేవారికి రసాయనాల పట్టీ వేర్వేరుగా ఉంటుంది. చల్లటి దేశంలో గోధుమ రొట్టె తినేవారి రక్తంతో గీసిన గీతను వీళ్లకు పెడితే తిండి తేడానే జబ్బులా కనిపించవచ్చు. నమూనా తీసిన తర్వాతా చిక్కులున్నాయి. గొట్టంలోని రక్తకణాలు బతికే ఉంటాయి. మామూలు గది వేడిలోనే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును తినేస్తుంటాయి. ఆళ్లగడ్డలో తీసిన రక్తం ఎండలో బస్సెక్కి కర్నూలు చేరేసరికి అందులో మిగిలే కథ వేరు. టీకాలకు పాటించినంత శ్రద్ధగా నమూనాలనూ చల్లగా కాపాడాలి.

‘ముందు ఉన్న పరీక్షలు సరిగ్గా చేయండి, ఈ కొత్తవి ఎందుకు?’ అని అడిగేవారున్నారు. వారి మాటలో నిజముంది. ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ముందు పూర్తి కావాలి. కానీ కంటికి కనిపించని క్యాన్సర్లకు అవి చాలవు. ‘పేదల ఊళ్లు ఎప్పుడూ ఆగాల్సిందేనా?’ అన్నది మరో ప్రశ్న. ఆగమనడం లేదు; వరస మార్చమంటున్నాం. జనమంతటికీ కాకుండా, దుమ్ములో పనిచేసి దగ్గుతున్నవారికి, అనుమానం ఉన్నవారికి రెండో మెట్టుగా ఈ పరీక్ష వాడితే తప్పుడు భయాలు బాగా తగ్గుతాయి. తుది తీర్పు మాత్రం బయాప్సీదే. యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుందన్న అభ్యంతరానికీ జవాబుంది. యంత్రం ఆళ్లగడ్డలో అక్కర్లేదు. సెంట్రిఫ్యూజ్, ఫ్రీజర్, శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటే చాలు.

నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలైంది. కర్నూలులో రాష్ట్ర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఈ రెండూ కలిసి శిల్పులు, రైతులు, కూలీలు, మధుమేహులు అందరి నుంచీ ఒప్పుకోలుతో, వివరాలు గోప్యంగా ఉంచుతూ నమూనాలు సేకరించి భద్రపరచాలి. ఏటా వాళ్ల ఆరోగ్యం కనిపెట్టి చూడాలి. ఎవరికైనా జబ్బు బయటపడితే, అంతకు రెండుమూడేళ్ల ముందు వాళ్ల రక్తంలో ఏం మారిందో చూడగలిగేది అప్పుడే. యంత్రాన్ని ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఈ ఏడాది తీసి దాచని రక్తం మాత్రం పదేళ్ల తర్వాత ఎన్ని కోట్లు పోసినా దొరకదు. అందుకే ఈ పని ఇప్పుడే మొదలుకావాలి.