మెరిసిందంటే.. మురికే!

ఎండల సీమలో లెదర్ స్టీరింగ్‌కు ఆముదం వద్దు.. తడి గుడ్డ చాలు

నాగలమడిక (పావగడ తాలూకా):

మిట్టమధ్యాహ్నం. ఉత్తర పినాకిని ఒడ్డున అంత్య సుబ్రహ్మణ్య స్వామి గుడి. దర్శనం ముగించుకుని బయటికొచ్చిన భక్తుడు కారు తలుపు తీస్తాడు. లోపలి నుంచి సెగ ముఖానికి కొడుతుంది. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి 'అబ్బా.. కాల్తా ఉండాది' అంటూ వెనక్కి లాక్కుంటాడు. భుజం మీది కండువా తీసి స్టీరింగ్‌కు చుట్టుకుంటే గానీ బండి కదలదు.

ఇక్కడి ఎండ మామూలుది కాదు. ఇదే హోబళిలోని తిరుమణి చుట్టుపక్కల సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వెలిసిందంటే ఈ ఎండ చలవే! పలకల మీద పడితే కరెంటవుతుంది. అద్దాలు మూసిన కారులో పడితే మాత్రం స్టీరింగ్ తోలును ఎండబెట్టి పగలగొడుతుంది.

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే. గుడి ముందు కేఏ, ఏపీ నంబరు ప్లేట్లు పక్కపక్కనే కనిపిస్తాయి. సరిహద్దు దాటితే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. ఒకప్పుడు షావుకార్ల బండికే పరిమితమైన లెదర్ స్టీరింగ్ ఇప్పుడు మధ్యతరగతి కార్లకూ వచ్చేసింది. దాన్ని చూసుకునే పద్ధతి మాత్రం చాలామందికి తెలియదు. తెలియక రాసే నూనెలు, పాలిష్‌లు తోలును పాడు చేయడమే కాదు, మలుపులో చెయ్యి జారేలా చేసి ప్రాణం మీదికి తెస్తాయి.

నీడకు 11 డిగ్రీల తేడా

అమెరికాలోని ఆరిజోనా స్టేట్, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు కార్లను ఎండలోనూ, నీడలోనూ నిలిపి లోపలి వేడిని కొలిచారు. ఆ ఫలితాలు 2018లో వెలువడ్డాయి. బయట 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఉన్న కారు స్టీరింగ్ సగటున 53 డిగ్రీలకు చేరింది. నీడలో ఉన్న కారులో అది 42 డిగ్రీలే. డ్యాష్‌బోర్డు అయితే ఎండలో 69, నీడలో 48 డిగ్రీలు చూపింది.

అంటే ఒక చెట్టు నీడ ఏ సీసాలోని క్రీము కన్నా ఎక్కువ పని చేస్తుందన్నమాట. చెట్టు దొరకని చోట ముందు అద్దానికి సన్‌షేడ్, స్టీరింగ్ మీద ఒక తెల్ల తువ్వాలు వేసినా మేలే.

మెరుపు చూసి మోసపోవద్దు

కొత్త కారులో లెదర్ స్టీరింగ్‌ను గమనించండి. సాధారణంగా అది మెరవదు. నున్నగా, మెరుపు లేకుండా ఉంటుంది. కొన్నాళ్లకు చేతులు పట్టుకునే చోట నిగనిగలాడుతుంది. చూసినవాళ్లు 'బాగా పాలిష్ పట్టిందే' అనుకుంటారు. నిజానికి అది చేతి చెమట, తలనూనె, దుమ్ము కలిసి పేరుకున్న జిడ్డు. చెమటలోని ఉప్పు, జిడ్డు కలిసి పైపూతను మెల్లగా తినేస్తాయి. ముందు రంగు లేస్తుంది, తర్వాత పొట్టు రాలుతుంది. మెరుపు పోయి మళ్లీ మామూలుగా కనిపిస్తేనే స్టీరింగ్ శుభ్రపడినట్టు లెక్క.

తాత చెప్పులు.. మనవడి కారు

ఈ సీమ పల్లెలకు తోలు కొత్త కాదు. బావి నుంచి నీళ్లు తోడే కపిల బానకు తోలు తొండం ఉండేది. కిర్రు చెప్పులకు ఆముదం పట్టించి మెత్తబరిచేవారు. తంగేడు చెక్కతో ఊనిన ఆ తోలు నూనెను పీల్చుకునేది. అందుకే ఆ వైద్యం అప్పట్లో పనిచేసింది.

కార్లలో వాడే తోలు వేరు. ఎక్కువగా రసాయనాలతో ఊని, పైన పలుచటి రంగు పూత వేస్తారు. దానికి ఆముదం రాసినా, కొబ్బరినూనె రాసినా లోపలికి దిగదు. పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది, చెయ్యి జారుతుంది. డ్యాష్‌బోర్డుకు కొట్టే సిలికాన్ పాలిష్‌తోనూ ఇదే ప్రమాదం. తాత చేసింది తప్పు కాదు. తోలే మారిపోయింది!

మగ్గు నీళ్లు చాలు

ఈ పనికి పెద్ద ఖర్చు లేదు. మగ్గు నీళ్లలో పిల్లల షాంపూ రెండు మూడు చుక్కలు కలపాలి. బోరు నీళ్లయితే ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి. కాబట్టి ఫిల్టర్ నీళ్లు వాడటం మంచిది.

బండి ఆపి, నీడలో స్టీరింగ్ చల్లబడ్డాకే మొదలుపెట్టాలి. ముందు పొడి గుడ్డతో దుమ్ము దులపాలి. మైక్రోఫైబర్ గుడ్డను ఆ నీళ్లలో ముంచి, చుక్క కారకుండా గట్టిగా పిండాలి. స్టీరింగ్‌ను నాలుగు భాగాలుగా అనుకుని ఒక్కో భాగమే తుడవాలి. కుట్ల సందుల్లో మెత్తటి టూత్‌బ్రష్‌తో తేలిగ్గా రుద్దాలి. గుడ్డ నల్లబడితే తిప్పి వాడాలి. తర్వాత ఉత్త నీళ్లలో పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి తుడిస్తే సరి. అరగంట ఆరనివ్వాలి.

నీళ్లను, షాంపూను నేరుగా స్టీరింగ్ మీద చల్లకూడదు. మధ్యలో హారన్ కింద ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పక్కన బటన్లు, వైర్లు ఉంటాయి. తడి లోపలికి దిగితే రిపేరు ఖర్చు తడిసి మోపెడవుతుంది.

వారానికోసారి తడి గుడ్డ, నెలకోసారి షాంపూ నీళ్లు చాలు. జిడ్డు మిగలని లెదర్ కండిషనర్ దొరికితే మూడు నాలుగు నెలలకోసారి వాడొచ్చు. ముందు స్టీరింగ్ అడుగు భాగాన కొంచెం రాసి, రంగు దిగలేదని చూసుకోవాలి. తర్వాత శనగ గింజంత గుడ్డ మీద వేసుకుని పలుచగా పూసి, మిగిలింది పూర్తిగా తుడిచేయాలి. చేత్తో తడిమితే జారిందంటే ఇంకా తుడవాల్సి ఉందన్నమాట.

పూజ తర్వాత..

కొత్త బండి కొన్నా, మహర్నవమి ఆయుధపూజ వచ్చినా స్టీరింగ్‌కు పసుపు, కుంకుమ తప్పవు. దేవుడి పని దేవుడిదే. కానీ తడిపిన కుంకుమ రంగు కుట్ల దారంలోకి దిగితే మళ్లీ వదలదు. లేత రంగు తోలయితే మరీ కష్టం. హారన్ మీద ప్లాస్టిక్ భాగంలో బొట్టు పెడితే ఇబ్బంది తక్కువ. తోలు మీద పడితే ముందు పొడి గుడ్డతో అద్ది తీసి, ఆ తర్వాతే తడి గుడ్డ వాడాలి. ముందే తడి చేస్తే రంగు పాకుతుంది.

ఇవి దగ్గరికి రానీయొద్దు

పెట్రోలు, కిరోసిన్, థిన్నర్, బ్లీచింగ్, అద్దాలు తుడిచే ద్రావణం.. ఇవన్నీ పూతను లేపేస్తాయి. 2020లో కరోనా వచ్చాక కారులో శానిటైజర్ సీసా పెట్టుకోవడం చాలామందికి అలవాటైంది. అందులోని ఆల్కహాలు కూడా పూతకు చేటే. చేతులకు రాసుకుంటే పూర్తిగా ఆరాకే స్టీరింగ్ పట్టుకోవాలి.

పొట్టు లేచిన తోలుకు ఏ క్రీము రాసినా అతుక్కోదు. తెలిసిన సీటు పనివాళ్ల దగ్గర కొత్త తోలు బిగుతుగా చుట్టి కుట్టించుకోవడమే దారి. వదులుగా తిరిగే తొడుగు మాత్రం వేయకూడదు. మలుపులో చెయ్యి తిరిగి, స్టీరింగ్ తిరగకపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. హారన్ భాగాన్ని మూసేలా ఏదీ చుట్టకూడదు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ అక్కడి నుంచే తెరుచుకోవాలి.

అద్దెకు కారు తిప్పుకునే డ్రైవరుకు ఆ బండే బతుకుదెరువు. తెల్లారి లేచింది మొదలు అతని చేతులుండేది స్టీరింగ్ మీదే. టైరు అరిగితే చూస్తాం, ఆయిలు తగ్గితే పోస్తాం. చేతిలో ఉన్నదాన్నే మరచిపోతాం. పుష్య మాసంలో స్వామి తేరుకు వచ్చినా, నడివేసవిలో మొక్కు తీర్చుకోవడానికి వచ్చినా బండిని కాస్త దూరమైనా చెట్టు కిందే నిలపండి. నాలుగడుగులు నడిస్తే పోయేదేం లేదు. తిరిగొచ్చాక కండువా భుజం మీదే ఉంటుంది!