అప్‌డేట్ సూచనపై అశ్రద్ధ వద్దు
తెర మూలన కనిపించే సందేశం వెనుక కథ ఇదీ

స్టేషన్ ఘన్‌పూర్: ఇంట్లో కంప్యూటర్‌పై పని చేసుకుంటుండగా తెర కుడివైపు దిగువన చిన్న సందేశం ప్రత్యక్షమవుతుంది. అప్‌డేట్లు సిద్ధంగా ఉన్నాయని, రీస్టార్ట్ చేయాలని సూచిస్తుంది. దరఖాస్తు నింపుతున్న విద్యార్థి అయినా, లెక్కలు చూసుకుంటున్న వ్యాపారి అయినా దాన్ని వాయిదా వేసి పనిలో పడిపోవడం పరిపాటి. ఆ వాయిదా నెలల తరబడి సాగితేనే ముప్పు.

సందేశం ఎలా వస్తుందంటే..
విండోస్‌లో అప్‌డేట్ల కోసమే ఒక విభాగం తెరవెనుక పనిచేస్తుంటుంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు దాదాపు రోజుకోసారి మైక్రోసాఫ్ట్ సర్వర్‌ను సంప్రదిస్తుంది. కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా విడుదలైన సవరణలతో సరిచూసి, అవసరమైన ఫైళ్లను డౌన్‌లోడ్ చేస్తుంది. అవి అసలైనవేనని డిజిటల్ సంతకం ద్వారా నిర్ధారించుకున్నాకే ఇన్‌స్టాల్ చేస్తుంది. వాడుకలో ఉన్న కొన్ని ఫైళ్లను అప్పటికప్పుడు మార్చడం వీలుకాదు కనుక రీస్టార్ట్ కోరుతుంది.

భద్రతా సవరణలను 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేయడం ఆ సంస్థ ఆనవాయితీ. అమెరికా పశ్చిమ తీరంలో అప్పుడు ఉదయం 10 గంటలు కాగా, మనకు కాలాన్ని బట్టి రాత్రి 10.30 లేదా 11.30 అవుతుంది. అందుకే మన ఇళ్లలో సందేశం ఎక్కువగా బుధవారం, ఆ తర్వాతి రోజుల్లో కనిపిస్తుంది.

రెండు నెలల నిర్లక్ష్యం
సవరణ వెలువడిందంటే లోపం ఎక్కడుందో సైబర్ నేరగాళ్లకూ తెలిసిపోయినట్లే. 2017 మే 12న ‘వాన్నాక్రై’ వైరస్ 150కి పైగా దేశాల్లో కంప్యూటర్లను స్తంభింపజేసింది. ఫైళ్లకు తాళం వేసి, విడిపించేందుకు డబ్బు డిమాండ్ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు సహా పలు జిల్లాల పోలీసు కంప్యూటర్లూ దీని బారిన పడ్డాయి. వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే సవరణ విడుదల చేసింది. దాన్ని వేసుకోని కంప్యూటర్లే ప్రధానంగా నష్టపోయాయి.

నకిలీలతో జాగ్రత్త
వెబ్‌సైట్లు చూస్తున్నప్పుడు ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అంటూ వచ్చేవి మోసపూరితం. అసలైన అప్‌డేట్ సందేశం ఫోన్ చేయమనదు, డబ్బు అడగదు. అనుమానం వస్తే దానిపై నొక్కకుండా, సెట్టింగ్స్‌లోని ‘విండోస్ అప్‌డేట్’ తెరిచి చూసుకోవాలి. ఇప్పటికే డబ్బు పోగొట్టుకున్నవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

ఇవి పాటించాలి
రీస్టార్ట్‌కు ముందు చేస్తున్న పనిని సేవ్ చేసుకోవాలి. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోతే విండోస్ దెబ్బతినే అవకాశముంది. యూపీఎస్ లేనివారు కరెంటు కోతలు లేని వేళ చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించి ఉంచాలి. సెల్‌ఫోన్ డేటా వాడేవారు ‘మీటర్డ్ కనెక్షన్’ ఎంచుకుంటే చాలా అప్‌డేట్లు తమంతట తాము డౌన్‌లోడ్ కావు. ‘యాక్టివ్ అవర్స్’లో పని వేళలు నమోదు చేస్తే ఆ సమయంలో కంప్యూటర్ దానంతట అది రీస్టార్ట్ కాదు.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సందేశం రావడం లేదంటే అంతా సవ్యంగా ఉన్నట్లు కాదు. అలాంటి కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చుకునే వీలుందేమో పరిశీలించుకోవాలి.